సముద్రము దాటివచ్చిన ఫిడేలు వరుస

మంగళవాద్యము కులవృత్తిగాఁ గల మన నాయీబ్రాహ్మణ సోదరులు, సన్నాయివారు కచ్చేరులందు వాయించు ‘ఇంగ్లీషు నోటు’ పుట్టుక నెఱుఁగఁదగును.

స్కాట్లండు దేశీయులు నాట్యమునకై ఫిడేలుపై వాయించు వరుసలలో ‘లార్డ్ మెక్‌డొనాల్డ్ రీలు’ యొకటి. అది వలసపోయినవారితో నమెరికా చేరి, ‘లెదర్ బ్రీచెస్’ అను పేర నచటి పల్లెవరుస యయ్యెను. మద్రాసునందలి దొరల వాద్యబృందముల మూలమున ముత్తుస్వామి దీక్షితులవారి చెవినిఁ బడి, ‘జగదీశ గురుగుహ’ యను సంస్కృత సాహిత్యమును దాల్చి, శంకరాభరణ స్వరములలో మనదయ్యెను. 1835లో గతించిన యా మహనీయుని తమ్ముఁడు బాలుస్వామి దీక్షితులు ఐరోపీయునివలన ఫిడేలు నేర్చి, కర్ణాటక సంగీతమునఁ బ్రవేశపెట్టిన తొలివారిలో నొకఁడు. మంచి వరుసకు జాతిభేదము లేదు.

దీక్షితుల కృతులు చెడక నిలుచుటకుఁ గారణము వ్రాఁత. ఆ వంశీయుఁడగు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమునుండి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెనుఁగులిపిలోనే వెలువరించెను.

మన తాతల సన్నాయి వరుసలో? అవి గురుముఖమున వచ్చినవే కాని కాగితమున కెక్కినవి యరుదు. వృద్ధవిద్వాంసుఁడొక్కఁడు గతించినఁ గొన్ని వరుసలును గతించును. పరదేశపు వరుసకు చరిత్ర యుండఁగా మన వరుసలకుఁ బేరైన లేకుండుట తగునా? కావున నందవరము, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల కులపెద్దలును పోషకులును గ్రామగ్రామమున వానిని స్వరపఱపించి, ధ్వనిముద్రణము చేయించి, వాయించినవారి పేళ్లతో భద్రపఱుపఁ బ్రార్థించుచున్నాము.