రీలు మొదట్లో ఉన్న ముఖం

సినిమా రీలు మొదట్లో, బొమ్మ పడకముందు, ప్రేక్షకుల కంటబడని కొన్ని ఫ్రేములు ఉండేవి. వాటిలో ఒక అమ్మాయి, పక్కన రంగుల పట్టీలు. ఆమె చర్మం సరైన రంగులో వస్తోందో లేదో చూసుకుని ల్యాబ్ వాళ్లు మిగతా రీలంతా ప్రింటు వేసేవారు. ఆమెను 'చైనా గర్ల్' అనేవారు. పేరు అలా ఉన్నా, దాదాపు ఎప్పుడూ తెల్లమ్మాయే. కథంతా ఒక నల్లజాతి నటి భుజాల మీద నడిచినా, రంగు తూచే రాయి మాత్రం ఆ తెల్లని ముఖమే.

ఫొటో ల్యాబుల్లో ఇదే పని షిర్లీ కార్డు చేసింది. 1954లో అమెరికా ప్రభుత్వం జోక్యంతో, ఫిల్ము కడిగే పని మీద కొడాక్ కంపెనీ గుత్తాధిపత్యం సడలింది. బయటి ల్యాబులకు ఒక కొలత కావలసివచ్చింది. కొడాక్ స్టూడియోలో మోడల్‌గా ఉన్న షిర్లీ అనే ఆమె ఫొటోలు కొలత కార్డులుగా వాళ్లకు వెళ్లాయి. తర్వాత మోడళ్లు మారారు, పేరు మారలేదు. కార్డు మీద 'నార్మల్' అని అచ్చేసేవారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

తెర మీద నల్లజాతి స్త్రీలకు దక్కిన పాత్రల గురించి చాలామంది రాశారు. 'గాన్ విత్ ద విండ్'లో పనిమనిషి పాత్రకు 1940లో ఆస్కార్ గెలిచిన హాటీ మెక్‌డానియెల్‌ను ఆ రాత్రి విందులో సహనటులకు దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉత్తమ నటి ఆస్కార్ ఒక నల్లజాతి స్త్రీకి దక్కేసరికి 2002 వచ్చింది. అయితే పాత్ర దొరికిన నటి ముఖాన్ని కూడా ఫిల్ము సరిగా పట్టుకోలేదన్న సంగతి చాలాకాలం మరుగున పడింది.

కలర్ ఫిల్ము మీద పొరలుపొరలుగా రసాయనాలుంటాయి. ఏ రంగుల తేడాలను ఎంత సూక్ష్మంగా పట్టాలన్నది తయారుచేసేవాళ్ల నిర్ణయం. ఎర్ర, గోధుమ ఛాయల దగ్గర వాళ్లు అంత పట్టింపు చూపలేదు. తెల్లవాళ్ల పక్కన నల్లవాళ్లను నిలబెట్టి ఫొటో తీస్తే కళ్లు, పళ్లు తప్ప ముఖం చీకట్లో కలిసిపోయేది. పెళ్లి ఆల్బమ్‌లో చామనఛాయ పెళ్లికూతురి ముఖం మసిబారి కనిపించిన మన తరాలకూ ఇది తెలిసిన బాధే.

తమ పిల్లల ముఖాలు ఫొటోల్లో సరిగా రావడం లేదని నల్లజాతి తల్లులు ఫిర్యాదు చేశారు. కంపెనీ కదిలింది మాత్రం చాక్లెట్ల వల్ల! పాల చాక్లెట్‌కూ డార్క్ చాక్లెట్‌కూ ప్రకటనల్లో తేడా తెలియడం లేదని ఆ వ్యాపారులూ, చెక్కల రంగులు రావడం లేదని ఫర్నిచర్ వాళ్లూ పట్టుబట్టారట. ఆ సంగతి బయటపెట్టింది కొడాక్‌లో పనిచేసినవాళ్లే. మొజాంబిక్‌కు వెళ్లిన ఫ్రెంచి దర్శకుడు గొదార్ కొడాక్ ఫిల్మునే జాత్యహంకారి అన్నాడు. 1980లలో మెరుగైన ఫిల్ము వచ్చింది. తెల్ల, నల్ల, ఆసియా స్త్రీలు ముగ్గురూ కలిసి ఉన్న కార్డు 1990ల మధ్యలో గానీ రాలేదు.

నల్లజాతి దర్శకురాలు జూలీ డాష్ అంతవరకూ ఆగలేదు. దక్షిణ కరొలైనా తీరపు దీవుల్లో, 1902లో, ఉత్తరాదికి వలస వెళ్లబోతున్న, గల్లా అనే నల్లజాతి సమూహానికి చెందిన కుటుంబపు కథ ఆమె తీసిన 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్'. ఆడవాళ్లంతా తెల్లని గౌన్లలో ఎర్రటి ఎండలో సముద్రపొడ్డున నడుస్తుంటారు. కెమెరామన్‌కు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. గౌను తెలుపును కాపాడబోతే ముఖం నల్లటి మచ్చవుతుంది, ముఖాన్ని కాపాడబోతే గౌను వెలిసిపోతుంది. ఛాయాగ్రాహకుడు ఆర్థర్ జాఫా, డాష్ కలిసి కొడాక్‌ను పక్కనపెట్టి అగ్ఫా ఫిల్ము ఎంచుకున్నారు. నల్లని చర్మం దాని మీద బాగా పలుకుతుందని వాళ్ల నమ్మకం. ఎక్కువగా సహజమైన వెలుగులోనే తీశారు. 1991లో సన్‌డాన్స్‌లో జాఫాకు ఛాయాగ్రహణ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఆ చిత్రం అమెరికా థియేటర్లలో విడుదలైంది. ఆఫ్రికన్ అమెరికన్ మహిళ తీసిన పూర్తినిడివి చిత్రం అలా విడుదల కావడం అదే మొదలు.

అందులో ముసలమ్మ నానా పీజంట్ చేతులు నాకు మరపురావు. బానిసగా నీలిమందు తొట్లలో పనిచేసిన చేతులవి. నిజానికి ఆ రంగు అన్నేళ్లు నిలవదు. డాష్ తెలిసే దాన్ని అలాగే ఉంచింది. దగ్గరగా చూపినప్పుడు నీలం, దాని కింద ముడుతలు పడిన నల్లని చర్మం, రెండూ దేనికది స్పష్టంగా కనిపిస్తాయి.