బ్రోచర్‌లో 13 వేల పౌండ్లు.. డోర్ మీద 1,600! పికప్‌కు ట్రైలర్ తగిలించే ముందు చూడాల్సింది ఏది?

అమెరికాలో వేసవి సెలవులు వచ్చాయంటే నేషనల్ పార్కులకు వెళ్లే దారుల్లో ట్రావెల్ ట్రైలర్లు బారులు తీరతాయి. మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉండే ఆ చక్రాల ఇంటిని లాగేది పికప్ ట్రక్కే. మరి ఎంత బరువు లాగగలదు? షోరూమ్‌లో అడిగితే వచ్చే జవాబు ఒకటి, డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ చెప్పేది మరొకటి. నమ్మాల్సింది స్టిక్కర్‌నే.

ఫోర్డ్ ఎఫ్-150 లాంటి 'హాఫ్ టన్' పికప్‌లలో కొన్నింటికి టోయింగ్ కెపాసిటీ 13 వేల పౌండ్లు దాటుతుంది. అంటే దాదాపు 5,900 కిలోలు. అయితే ఈ లెక్క కట్టేటప్పుడు బండిలో ఒక్కొక్కరు 150 పౌండ్లున్న ఇద్దరే ఉన్నారనుకుంటారు. పిల్లలు, సామాన్లు, ఐస్‌బాక్స్ అందులో ఉండవు. పైగా ఆ పెద్ద నంబర్ సరైన ఇంజిన్, యాక్సిల్ ఉన్న మోడల్‌కే.

అసలు చిక్కు పేలోడ్ దగ్గర వస్తుంది. అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు. ట్రైలర్‌ను లాగడం ఒక ఎత్తు, దాని ముక్కు హిచ్ మీద మోపే బరువును మోయడం ఇంకో ఎత్తు. 'టంగ్ వెయిట్' అనే ఈ భారం మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి.

ఉదాహరణకు సామాన్లతో కలిపి 9,000 పౌండ్ల ట్రైలర్ తీసుకుందాం. 13 శాతం చొప్పున టంగ్ వెయిట్ 1,170. హిచ్ సామగ్రి మరో 100. నలుగురు మనుషులు 600. ట్రక్కు వెనుక సామాన్లు 150. మొత్తం 2,020 పౌండ్లు! డోర్ స్టిక్కర్ మీద 1,600 అని ఉంటే 420 పౌండ్లు ఎక్కువైనట్టే. బ్రోచర్ ప్రకారం మాత్రం ఇంకా 4 వేల పౌండ్ల వెసులుబాటు ఉన్నట్టు కనిపిస్తుంది. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ లాంటి హంగులు పెరిగేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది. ఖరీదైన ట్రక్కే తక్కువ మోస్తుందన్నమాట!

ఇక్కడే కొందరు ఓ ప్రమాదకరమైన పని చేస్తారు. ముక్కు బరువు తగ్గించాలని ట్రైలర్‌లో సామాన్లు వెనక్కి సర్దేస్తారు. టంగ్ వెయిట్ 10 శాతం కంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి ట్రక్కునూ తిప్పి పడేస్తుంది. ఎయిర్ బ్యాగ్ సస్పెన్షన్ బిగించినా ట్రక్కు వెనుక భాగం పైకి లేస్తుందే తప్ప పేలోడ్ పరిమితి పెరగదు.

ట్రైలర్ 'డ్రై వెయిట్' కూడా అంతే, దాన్ని పట్టుకుని లెక్కేయకూడదు. 40 గ్యాలన్ల ట్యాంకులో నీళ్లు నింపితేనే 330 పౌండ్లు పెరుగుతుంది. గరిష్ఠ బరువునే చూడాలి. లెక్క కుదరకపోతే ఎఫ్-250, రామ్ 2500 తరగతి ట్రక్కు, లేదంటే చిన్న ట్రైలర్.

అన్నీ నింపుకుని, అందరూ ఎక్కాక హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో ఉండే కాటాపై తూకం వేయించుకోవచ్చు. ముందు యాక్సిల్, వెనుక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్ల బరువులు విడివిడిగా చీటీ మీద వస్తాయి.