కాశీ మెట్లు ఎవరి సొమ్ము?

కాశీకి వెళ్ళిన మనవాళ్ళు గంగలో మూడు మునకలు, విశ్వనాథుడి దర్శనం, అన్నపూర్ణ గుళ్ళో కుంకుమ, ఓ పట్టుచీర, ఇంతటితో యాత్ర అయిందనిపించుకుని రైలెక్కేస్తారు. తప్పని అనను. కానీ ఈసారి వెళితే ఒక పొద్దుటిపూట పడవకి కేటాయించండి. అస్సీ ఘాటు దగ్గర ఎక్కి పంచగంగ ఘాటు దాకా వెళ్ళాలి. గంగ ఇక్కడ ఉత్తరానికి తిరిగి పారుతుంది. పాతబస్తీ అంతా పడమటి ఒడ్డునే ఉండటంవల్ల సూర్యుడు లేచీ లేవగానే ఎండ తిన్నగా మెట్లమీద పడుతుంది. ఎదుటి ఒడ్డున అంతా ఇసుకే.

కిందటి కార్తీకంలో నాతో నా చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయింది. ఏ గోపురం చూసినా “ఎంతయిందిట, ఎవరిచ్చారుట?” అని అడగటం తనకి అలవాటు. నేను చరిత్ర చెబుతూ ఉంటే తను పద్దు అడుగుతూ ఉంది. చెప్పొద్దూ, ఆ పద్దులోనే అసలు సంగతి దొరికింది.

కాశీ ఎంత పాతదైనా, మనం చూసే ఈ రాతిమెట్లు అంత పాతవి కావు. ఎనభైనాలుగు ఘాట్లని లెక్క చెబుతారు గాని, వాటిలో చాలావాటిని పద్ధెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో కట్టించారు. మహారాష్ట్రుల ప్రాబల్యం పెరిగాక పని ఊపందుకుంది. అస్సీ దాటగానే భదైనీ వస్తుంది. ఝాన్సీ లక్ష్మీబాయి పుట్టింది అక్కడే, చిన్నప్పటి పేరు మణికర్ణిక. తర్వాత చేత్‌సింగ్ కోట. 1781లో వారన్ హేస్టింగ్స్ కాపలా పెట్టిస్తే, ఆ రాజు తలపాగాలు ముడివేసుకుని కిటికీలోంచి నదిలోకి దిగి పారిపోయాడు. ఇక హరిశ్చంద్ర ఘాటు గురించి కాటిసీను చూసిన తెలుగువాళ్ళకి నేను చెప్పేదేముంది! మా పడవలో వాళ్ళంతా చేతులు జోడించారు.

దశాశ్వమేధానికి కాస్త ఇవతల అహల్యాబాయి ఘాటు ఉంది. పడవ అక్కడ కొంచెంసేపు ఆపించాం. ఇప్పుడున్న విశ్వనాథుడి గుడి కట్టించింది ఈవిడే. 1669లో ఔరంగజేబు పాతగుడి పడగొట్టించిన తర్వాత నూరేళ్ళు దాటాక, 1780లో ఈ గుడి లేచింది. కాశీ తరవాత గయ వెళతాం కదా, అక్కడి విష్ణుపాదం గుడి కూడా 1787లో ఈమె కట్టించిందే. 1754లో భర్త ఖండేరావు యుద్ధంలో పోతే సహగమనానికి సిద్ధమైంది. మామగారు మల్హరరావు హోల్కర్ బతిమాలి ఆపాడు. ఆయనా, తరవాత ఒక్కగానొక్క కొడుకూ పోయాక, 1767 నుంచి 1795లో కన్నుమూసేదాకా ఇందూరు రాజ్యం తనే ఏలింది.

“అంతా ఖజానా సొమ్మేగా?” అంది మా స్నేహితురాలు.

కాదు. హోల్కర్ల ఇంట్లో రాజ్యం సొమ్ము వేరు, ‘ఖాస్‌గీ’ వేరు. ఖాస్‌గీ అంటే సొంతానిది. 1734లో పీష్వా బాజీరావు మల్హరరావు భార్య గౌతమాబాయి పేర విడిగా ఒక జాగీరు రాసిచ్చాడు. దాని ఆదాయం ఇంటి ఆడవాళ్ళది. అత్తగారి తరవాత అది కోడలికి వచ్చింది. అహల్యాబాయి చేసిన దానధర్మాలు ఈ సొమ్ముతోనే. మన పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలంలాంటిదే అనుకోండి, కాకపోతే చాలా పెద్దది.

ఈ మాట విని తను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “మా నాయనమ్మ ఆడబిడ్డ కాశీలోనే పోయింది, తెలుసా నీకు?” అంది. పద్నాలుగో ఏటే బొట్టు పోయిందిట. అత్తవారికి ఇరవై ఎకరాల మాగాణి. ఈవిడకి మాత్రం మనోవర్తి కింద నెలకి ఎనిమిది రూపాయల మనియార్డరు. అదీ ఒక నెల వస్తే ఒక నెల రాదు. రాని నెలలో సత్రంలో భోజనం.

ఈ ఒడ్డున ఇలాంటివాళ్ళు ఎంతమందో. మెట్లు కట్టించినవాళ్ళూ వితంతువులే, వాటిమీద కూచున్నవాళ్ళూ వితంతువులే. 1937లో చట్టం వచ్చాకనే ఉమ్మడి ఆస్తిలో భర్త వాటా భార్యకి దక్కింది. అదైనా బతికున్నంతకాలం అనుభవించటానికే, అమ్ముకునే హక్కు లేదు. పూర్తి హక్కు రావటానికి 1956 దాకా ఆగాల్సివచ్చింది. ఆ ముసలమ్మగారికి రెండూ అందలేదు.

మణికర్ణిక దగ్గర చితులు మండుతూనే ఉన్నాయి. అక్కడి మెట్లు బాగుచేయించిందీ అహల్యాబాయే. దాన్ని ఆనుకునే సింధియా ఘాటు. గ్వాలియరు రాణి బాయిజాబాయి 1830 ప్రాంతాల్లో కట్టించింది. ఈమె భర్త దౌలతరావు 1827లో పోయాడు. తర్వాత ఆరేళ్ళు రాజ్యం చూసి, పెంచుకున్న కొడుకు ఎదురుతిరిగితే దేశం వదిలిపెట్టి పోవలసివచ్చింది. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి పరివారంతో కాశీయాత్రకి బయలుదేరింది కూడా ఆ 1830లోనే.

ఆ ఘాటు పక్కనే ఒక గుడి నీళ్ళలో ఒరిగిపోయి ఉంటుంది. పేరు రత్నేశ్వర మహాదేవుడు. గర్భగుడిలో ఏడాదిలో చాలాకాలం నీళ్ళో బురదో ఉంటుంది. నదిఒడ్డు మెత్తన, రాయి బరువు, అందుకని కుంగింది. కానీ పడవవాడు ఊరుకుంటాడా, రెండు కథలు చెప్పాడు. ఒకదాంట్లో, ఎవరో కొడుకు తల్లి పేర ఈ గుడి కట్టించి “నీ రుణం తీరిపోయిందమ్మా” అన్నాట్ట. అనగానే గుడి ఒరిగిపోయిందిట. రెండోదాంట్లో, అహల్యాబాయి దగ్గర రత్నాబాయి అనే దాసి సొంతడబ్బుతో కట్టించి తన పేరే పెట్టుకుందిట. రాణిగారికి కోపం వచ్చి శపించిందిట. అంత నిరాడంబరంగా బతికిన మనిషి పరిచారికమీద అసూయపడిందంటే నేను నమ్మను.

మా స్నేహితురాలికి ఆ అనుమానం రాలేదు. “శాపం సంగతి సరే,” అంది పడవవాడితో, “ఆ దాసికి గుడి కట్టేటంత సొంతడబ్బు ఎక్కడిదో అది చెప్పు బాబూ.”

అతను నవ్వి మోటారు వేశాడు. ఎదురుగా పంచగంగ ఘాటు, దానిపైన ఔరంగజేబు కాలంనాటి మసీదు గోడలు కనిపిస్తున్నాయి.