హాల్‌స్టెడ్ ఆపరేషన్: బోధనాసుపత్రి పెంచింది, బోధనాసుపత్రే తుంచింది

బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో మొదలైంది. నాలుగేళ్లకు దానికి వైద్య కళాశాల తోడైంది. అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ రొమ్ము క్యాన్సర్‌కు రొమ్మునూ, ఛాతీ కండరాలనూ, చంక గ్రంథులనూ ఒకే ముద్దగా తీసేసేవాడు. 1894లో ఆయన ప్రచురించిన 50 కేసుల్లో కోసిన చోటే కణితి తిరగబెట్టింది ముగ్గురికే. ఐరోపా ప్రముఖ సర్జన్ల లెక్కల్లో అది సగం దాటేది. మెచ్చుకోదగిన ఫలితమే. కానీ కోసిన చోట కణితి రాకపోవడం వేరు, మనిషి బతకడం వేరు. జబ్బు గ్రంథులకు పాకినవాళ్లలో ఎక్కువమంది ఎంత కోసినా దక్కలేదని 1907లో ఆయన లెక్కలే చూపించాయి. అయినా ఆ ఆపరేషన్ మరో ఏడు దశాబ్దాలు నిలిచింది. కారణం వైద్యంలో కన్నా బోధనలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. గురువు దగ్గర ఏళ్ల తరబడి ఉండి పని నేర్చుకునే శస్త్రచికిత్స రెసిడెన్సీ పద్ధతికి అమెరికాలో రూపమిచ్చింది హాల్‌స్టెడ్డే. ఆయన శిష్యులూ వాళ్ల శిష్యులూ పెద్ద పెద్ద శస్త్రచికిత్స పీఠాలెక్కారు. ఆ ఆపరేషన్‌ను శంకించడమంటే తమ చదువునే శంకించడమైంది.

హాల్‌స్టెడ్ చేతికొచ్చిన కణితులు బాగా ముదిరినవి, అంతకన్నా ఏం చేయగలడు అని అడగవచ్చు. సబబే, 1894కు. కానీ చిన్న కణితితో వచ్చిన స్త్రీకీ అదే కోత ఎందుకు? లండన్ సెయింట్ బార్తలోమ్యూస్ బోధనాసుపత్రిలో సర్జన్ జెఫ్రీ కీన్స్ రేడియంతో, చిన్న కోతతో దీటైన ఫలితాలు వస్తున్నాయని 1937లో రాశాడు. పట్టించుకున్నవారు తక్కువ. ఒక సర్జన్ అనుభవానికి మరో సర్జన్ అనుభవం జవాబు కాలేకపోయింది.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ ఎవరి అనుభవాన్నీ నమ్మలేదు. ఏ రోగికి ఏ చికిత్సో చీటీ వేసినట్టు నిర్ణయించే పరీక్షను 1971లో మొదలుపెట్టాడు. హాల్‌స్టెడ్ ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరగదని తేలింది. 1976లో మొదలైన రెండో పరీక్షలో 1,851 మంది స్త్రీల ఫలితాలను విశ్లేషించారు. కణితిని మాత్రమే తీసినా, రొమ్మంతా తీసినా బతికినవాళ్ల శాతంలో తేడా రాలేదు. ఈ పరీక్షల్లో పాల్గొన్న ఒక మాంట్రియల్ సర్జన్ రోగుల వివరాలు తారుమారు చేసినట్టు తర్వాత బయటపడి పెద్ద దుమారం రేగింది. ఆయన పంపిన కేసులు తీసేసి మళ్లీ లెక్కగట్టినా ఫలితం మారలేదు.

చిన్న కోతపై అసలు గట్టి అభ్యంతరం మరొకటి. రెండో పరీక్షలో ఇరవయ్యేళ్ల తర్వాత చూస్తే, కణితి మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వనివాళ్లలో 39 శాతానికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 14 శాతానికే. అంటే చిన్న కోత రేడియేషన్ యంత్రంతో ముడిపడ్డ చికిత్స. వారాల తరబడి రోజూ రేడియేషన్‌కు వెళ్లిరాలేని ఊరి స్త్రీ రొమ్మంతా తీయించుకుంటానంటే ఆమె పాత పద్ధతిని పట్టుకు వేలాడుతున్నట్టు కాదు. ఆమెకు హాల్‌స్టెడ్ నాటి కండరాల కోత మాత్రం అక్కర్లేదు.