అమీర్ అనని మాట

2017 మే 24, అర్ధరాత్రి దాటాక ఖతర్ న్యూస్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లోకి హ్యాకర్లు చొరబడి, అమీర్ షేక్ తమీమ్ అనని మాటలు ఆయన అన్నట్టు పెట్టారు. అబద్ధమని ఖతర్ చెప్పినా సౌదీ, ఎమిరేట్స్ టీవీలు ఆపలేదు. పాత గొడవకి ఇది నిప్పురవ్వ. జూన్ 5న ఆ రెండు దేశాలూ, బహ్రెయిన్, ఈజిప్టూ తెగతెంపులు చేసుకున్నాయి. ఉన్న ఒక్క రోడ్డు దారీ మూసేశారు.

వార్త వినగానే దోహాలో జనం సూపర్‌మార్కెట్లకి పరిగెత్తారు, అరలు ఖాళీ. కొద్దిరోజుల్లోనే టర్కీ, ఇరాన్ నుంచి సరుకు దిగింది. జూలైలో ఆవులే విమానంలో వచ్చాయి. ఆ నాలుగు దేశాల 13 షరతుల్లో అల్ జజీరా మూసెయ్యాలన్నది ఒకటి. ఖతర్ మూయలేదు. 2021 జనవరిలో రాజీ కుదిరింది.

మన రూముల్లో వాట్సాప్ పుకార్లూ ఇలాగే పరిగెత్తిస్తాయి. ఆ మాట ఎవరన్నారో, ఖండన వచ్చిందో ముందు చూడండి తమ్ముళ్లూ. పుకారు నమ్మి ఇంటికి టికెట్ తీసుకుంటే, ఊళ్లో మన అప్పు పుకారు పుట్టించినోడు కట్టడు.