నమూనాగానే మిగిలిన ట్యాంకు

మంథని ప్రజలు 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు శాసనసభకు పంపిన పీవీ నరసింహారావు 1984 చివర్లో రక్షణ మంత్రి అయ్యారు. ప్రధానిగా ఉన్నప్పుడు 1993లో ఆ శాఖను మళ్లీ తన చేతిలోకే తీసుకున్నారు. ఆ ఏళ్లలోనే అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారం పేరు సైన్యంలో అందరికీ తెలిసింది. 1984 జులైలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆయుధ కర్మాగారం అక్కడిదే. సోవియట్ బీఎంపీ-2 యుద్ధ వాహనాన్ని ‘శరత్’ పేరుతో తయారుచేసింది అక్కడే.

శరత్ బరువు సుమారు 14 టన్నులు. ముగ్గురు సిబ్బంది, మరో ఏడుగురు సైనికులు అందులో పడతారు. అది నీటి మీద తేలుతూ ఏరు దాటుతుంది. 40 టన్నులు దాటిన టీ-72 ట్యాంకుకు ఆ వీలు లేదు. అయితే శరత్ ఫిరంగి 30 మిల్లీమీటర్లది మాత్రమే. ఎదుట ట్యాంకు నిలిస్తే అదొక్కటే చాలదు.

అందుకే డీఆర్‌డీవో ఇంజినీర్లు శరత్ అడుగుభాగాన్నే తీసుకొని, దానిపై ఫ్రెంచ్ సంస్థ గియాట్ టరెట్‌తో పెద్ద ఫిరంగిని నిలబెట్టారు. నమూనా సిద్ధమైంది, కానీ ఉత్పత్తికి మాత్రం నోచుకోలేదు.

తేలిక ట్యాంకు అవసరం ఊహలోంచి పుట్టింది కాదు. 1948 నవంబరులో జోజిలా కనుమను గెలిపించినవి స్టువర్ట్ తేలిక ట్యాంకులు. 1962లో చుషుల్‌కు విమానాల్లో చేర్చినవి ఏఎంఎక్స్-13లు. 1971లో తూర్పు బెంగాల్ తడి నేలల్లో గరీబ్‌పూర్ దగ్గర పోరాడినవి పీటీ-76లు. కొండకు, ఏటికి తేలిక బండే కావాలని మన సైన్యం మూడుసార్లు స్వయంగా చూసింది.

2020లో లద్దాఖ్ సరిహద్దులో ఉద్రిక్తత రేగినప్పుడు, అంత ఎత్తుకు మన బరువైన ట్యాంకులనే ఎక్కించాల్సి వచ్చింది. ఆ తర్వాతే ‘జొరావర్’ తేలిక ట్యాంకుకు ఊపు వచ్చింది. డీఆర్‌డీవో, ఎల్ అండ్ టీ కలిసి రూపొందించిన ఆ 25 టన్నుల ట్యాంకు 2024 జులైలో గుజరాత్‌లోని హజీరాలో జనం ముందుకొచ్చింది. దాని ఫిరంగి 105 మిల్లీమీటర్లది. టరెట్ ఇప్పటికీ విదేశానిదే, బెల్జియంకు చెందిన జాన్ కాకరిల్‌ది.

నమూనాను పక్కన పెట్టగలం, అవసరాన్ని పెట్టలేం. ఒకసారి చేతికందిన విద్యను మధ్యలో వదిలేస్తే, అవసరం తలుపు తట్టిన రోజున మళ్లీ ఓనమాల నుంచి దిద్దాలి. నమూనా చేసిన చేతులకు తర్వాతి పని కూడా అప్పగించడమే దేశానికి మేలు.