తోకచుక్కకి లెక్క కట్టిన ఇల్లాలు

1986లో వచ్చి వెళ్ళిన హేలీ తోకచుక్క మళ్ళీ 2061లో గాని రాదు. అన్నేళ్ళ తర్వాతి రాక ఇప్పుడే ఎలా చెబుతారమ్మా అంటారా? ఆ లెక్కకి మొదట్లో చెయ్యి కలిపినవాళ్ళలో ఒక ఇల్లాలుంది.

తోకచుక్కని సూర్యుడు తనవైపు లాగుతుంటాడు. అదేమో పక్కకి పరుగు తీస్తుంటుంది. అందుకే ఆయనలో పడిపోదు, ఆయన్ని వదిలించుకుని పోనూ పోలేదు. కోలగా సాగిన బాటలో చుట్టి చుట్టి వస్తుంది. 1531, 1607, 1682లలో కనిపించింది ఒకటేననీ, 1758లో మళ్ళీ వస్తుందనీ ఇంగ్లండులో హేలీ 1705లో చెప్పాడు.

కానీ ఏ నెలలో? 1757లో పారిస్‌లో క్లెరో, లలాండ్ అనే పండితులు ఆ లెక్కకి కూర్చున్నారు. మూడో మనిషి నికోల్ రేన్ లెపోట్, గడియారాలు చేసే ఆయన భార్య. ఆరు నెలలు పొద్దుట్నించి రాత్రిదాకా, ఒక్కోసారి భోజనాల దగ్గర కూడా లెక్కలే! లాగేది సూర్యుడొక్కడే కాదు కదా. పుట్టింటికి బయల్దేరిన పిల్లని దారిలో పెద్దమ్మలూ మేనత్తలూ "రెండ్రోజులుండి వెళ్ళవే" అని ఆపినట్టు, కిందటి చుట్టుకన్నా ఈసారి గురుడు 518 రోజులు, శని 100 రోజులు ఆలస్యం చేయిస్తారని తేలింది. 1759 ఏప్రిల్ నడుమ సూర్యుడి దగ్గరికి చేరుతుంది, నెల అటూ ఇటూ అన్నారు. దాదాపు ఆ గడువు అంచున, మార్చి 13న చేరింది.

1760లో క్లెరో వేసిన పుస్తకంలో మాత్రం ఆవిడ పేరు లేదు! ఆవిడ లేకపోతే అంత పనికి పూనుకునేవాళ్ళమే కాదని చెప్పినవాడు లలాండే. ఇప్పుడు చందమామ మీద ఒక గుంటకి ఆవిడ పేరుంది. అయినా, 2061లో మనవలకి తోకచుక్కని చూపిస్తూ హేలీ కథ చెప్పే అమ్మమ్మలు, ఈవిడ సంగతీ ఒక ముక్క చెబుతారు కదూ?